మూడు పడవల్లో ముగ్గురు రాజులు

ఈ డిసెంబరులో మార్తా మౌసీ మాయాబందర్ నుంచి మా ఇంటికి వచ్చింది. ఎనభై దాటిన మనిషి, అడవి దారిలో పగలంతా బస్సు కుదుపులు తిని గరాచర్మలో మా గుమ్మం ముందు దిగేసరికి నీరసపడిపోయి ఉంటుందనుకున్నాను. ఆవిడ మాత్రం చెప్పులైనా విప్పకుండా "చాయ్ తర్వాత పెట్టు గానీ రత్నా, పహలే ఇది చూడు" అంటూ ఒళ్ళోని తువ్వాలు మూట విప్పింది. లోపల గుండ్రటి తలకాయ ఒకటి. వలలకి కట్టే ప్లాస్టిక్ బెండు, ఎరుపు వెలిసి గులాబీ రంగుకి దిగింది. దానికి నల్లరంగుతో దిద్దిన కళ్ళు, నైలాను తాడు పీచు తీసి అతికించిన గడ్డం, పాలడబ్బా రేకుతో కత్తిరించిన కిరీటం. గుర్తుపట్టడానికి నాకు క్షణం పట్టలేదు. అవి మా తాత దిద్దిన కళ్ళు. పడవ ముక్కుకి ఆయన ఎలాంటి కళ్ళు దిద్దేవాడో రాజుకీ అలాంటివే దిద్దాడు, అందుకే ఆ రాజు ఇప్పటికీ ఎక్కడో దూరాన చేపల గుంపుని వెతుకుతున్నట్టే చూస్తాడు. "నా సందూక్ పెట్టె అడుగున సోయా హువా థా, ఇన్నాళ్ళూ నిద్రే. మందిరం పిల్లలు ఈసారి క్రిస్మస్ ఝాంకీ మీద పెడతారంట, తెమ్మన్నారు" అంది మౌసీ. అప్పుడు నాకు ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది. ఎందుకో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి. వెనక్కి వెళ్ళడం మా రెండిళ్ళవాళ్ళకీ అలవాటే.

మౌసీ అంటే హిందీలో పిన్ని. మా రెండిళ్ళ మధ్యా రక్తసంబంధం లేదు, ఒక ములగచెట్టూ ఒక కుళాయీ ఉండేవి. పోర్ట్ బ్లెయిర్‌లో సముద్రం ఒడ్డునే మా బస్తీ. మావాళ్ళు శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడ చేపలవేట మీద బతికినవాళ్ళు. మౌసీవాళ్ళు రాంచీ వైపు నుంచి అడవి పనులకి వచ్చి ఇక్కడే నిలిచిపోయిన క్రైస్తవులు. అమ్మ తెల్లవారుతూనే చేపల గంప నెత్తికెత్తుకుని బజారుకి వెళ్ళిపోతే, నాకు జడవేసి బడికి పంపే పని మౌసీది. నూనె మాది, దువ్వెన ఆవిడది. కళ్ళు పైకి గుంజుకుపోయేంత బిగించి వేసేది జడ, దాంతో బడిలో అందరూ నాకు పొగరనుకునేవారు. మా ఇంటినిండా ఎండుచేపల వాసన, తారు వాసన, నాన్న ఇంజనుకి పోసే నూనె వాసన. మౌసీ ఇంటినిండా ఆవనూనె వాసన. నేను ఏ వాసనతో బడికి వెళ్ళేదాన్నో పాపం నా పక్కన కూర్చున్నవాళ్ళే చెప్పాలి. డిసెంబరు వచ్చేసరికి మాత్రం రెండిళ్ళలోనూ ఒకటే వాసన, బెల్లం పాకానిది. మేం అరిసెలంటాం, రాంచీవాళ్ళు అర్సా అంటారు, తడిబియ్యప్పిండీ బెల్లమూ రెండింటికీ ఒకటే. "మీవోలు మా దగ్గరే నేర్సుకున్నారు" అని అమ్మ అనేది. "అరే జావ్ దీదీ, రాంచీలో సముందరే నహీ, మీ దగ్గర నేర్చుకోడానికి ఎవరు ఆయా?" అని మౌసీ. ఏటా అదే తగువు, ఏటా అదే మూకుడు. పాకం చూడడం అమ్మ వంతు, వత్తడం మౌసీ వంతు, విరిగినవి తినడం నా వంతు. అరిసెలు ఎక్కువ విరగాలని నేను దేవుళ్ళందరికీ మొక్కుకునేదాన్ని.

క్రిస్మస్ ముందు ఊళ్ళో ఊరేగింపు జరిగేది. ఎక్కుతూ దిగుతూ ఉండే ఆ రోడ్ల మీద, గోల్ ఘర్ కూడలి దాటి, పెద్ద మైదానం దాకా. ఒక్కో చర్చివాళ్ళు ఒక్కో బండి మీద పశువులపాక, బాలయేసు, దేవదూతలు అమర్చుకుని వచ్చేవారు. అదే ఝాంకీ. గుట్ట మీద రేకుల కప్పున్న మౌసీవాళ్ళ మందిరం చిన్నది, వాళ్ళకి ఝాంకీ లేదు. కొవ్వొత్తులు పట్టుకుని అందరికన్నా చివర నడిచేవారు, వీళ్ళ వంతు వచ్చేసరికి జనం ఇళ్ళకి మళ్ళేవారు. ఒకసారి ఎవరో "ఖాలీ హాథ్ వాలే ఆ గయే" అని నవ్వారట, చేతులూపుకుంటూ వచ్చేశారని. ఆ మాట మౌసీకి చేపముల్లులా గొంతులో ఉండిపోయింది. మరుసటి యేడు మందిరంలో అందరి ముందూ లేచి, ఈసారి మనకీ ఝాంకీ ఉంటుంది, అదీ బొమ్మలు కదిలే ఝాంకీ, జిమ్మేదారీ నాది అనేసింది. కట్టిపెడతానని ఒప్పుకున్న వడ్రంగి తీరా ఓడెక్కి మెయిన్‌లాండ్ వెళ్ళిపోయి, కూతురి పెళ్ళయ్యేదాకా రానని కబురంపాడు. అప్పటికే పాస్టరుగారు ఊరేగింపు పెద్దలకి పేరిచ్చేశారు, వాళ్ళు మధ్యలో మంచి చోటు కూడా ఇచ్చారు. ఆ సాయంత్రం మౌసీ మా అరుగు మీద కూర్చుని ఏడ్చింది. పెద్దవాళ్ళు చావులకే ఏడుస్తారని నేననుకునేదాన్ని. ఇచ్చిన మాట కోసం కూడా ఏడుస్తారని అప్పుడే తెలిసింది.

అరుగు చివర మా తాత వల బాగుచేసుకుంటున్నాడు. మోకాలు చెడి వేట మానేశాక ఆయనకి లోకంలో ప్రతిదీ వదులుగానే కనిపించేది. ఎవరింటి తలుపో, ఎవరి మంచమో బిగించకపోతే నిద్ర పట్టేది కాదు. "ఓలమ్మా మార్తమ్మా, ఏటికేడుస్తావు? కర్రా తాడూ ఉంటే సాలు, నాను కట్టీనా?" అన్నాడు. అమ్మ నోరు ఊరుకుంటుందా? "మావా, నువ్వెప్పుడైనా ఏసుబాబు బొమ్మ కట్టినావా?" అంది. "నాను కట్టిన పడవల్ని సముద్రమే ఒప్పుకుంది, మీ ఊరేగింపు ఒప్పుకోదేటి?" అని తాత మళ్ళీ వల మీదికి వంగాడు. ఇంక అది అయిపోయినట్టే. మా తాత మాట ఇస్తే లంగరు దించినట్టు.

మర్నాడు మౌసీ పీట మీద కూర్చుని తాతకి కథంతా చెప్పింది. నక్షత్రం చూసుకుంటూ ముగ్గురు రాజులు వచ్చారనగానే తాత మొహం వికసించింది. "సుక్కని సూసుకుని వొచ్చారంటే మనోలే. దేని మీదొచ్చారు?" అన్నాడు. "ఊంట్ పే, బాబా. ఒంటె మీద" అంది మౌసీ. తాత ఒంటె పేరు విన్నాడు గానీ చూడలేదు. మా నాన్న ఇసుకలో గీసి చూపించాడు, అది మెడ సాగిన మేకలా ఉంది. తాత దాని చుట్టూ తిరిగి చూసి, పెదవి విరిచి, కాలితో చెరిపేశాడు. "దీవిలో పుట్టిన పిల్లోడిని సూడ్డానికి ఎవుడొచ్చినా పడవ మీదే రావాల. ఒంటె మీదొస్తే ములిగిపోడా?" "అది దీవి కాదు బాబా, బేత్లెహేం." "నీకు కాదమ్మా. మనం సూపించీది ఎవులికి? ఈ దీవోలకే గదా." మౌసీ ఆలోచించి ఆలోచించి గుట్టెక్కి పాస్టరుగారినే అడిగి వచ్చింది. ఆయన కడుపుబ్బ నవ్వి సరేనన్నారట. అలా మా రాజులు ఒంటెలు దిగి పడవలెక్కారు.

ఆ తర్వాత మా ఇంట్లో పద్ధతిగా అన్నం తిన్నవాళ్ళు లేరు. కూరలమ్మే భయ్యా దగ్గర నాలుగు చక్రాల ఠేలా బండి అడిగి తెచ్చారు. చక్రానికి పాత సైకిల్ రిమ్ము బిగించారు. చక్రం తిరిగితే రిమ్ము తిరుగుతుంది, రిమ్ము మీది తాడు బల్ల మీదున్న తాడుని లాగుతుంది, దానికి బిగించిన మూడు చిన్న పడవలు కొబ్బరాకుల కొండ చాటు నుంచి బయటికొచ్చి, పశువులపాక దాకా పోయి, వెనక నుంచి మళ్ళీ కొండ చాటుకి చేరతాయి. మోటారు లేదు, కరెంటు లేదు. బండి లాగితే కథ నడుస్తుంది, ఆపితే ఆగుతుంది. అలల కోసం నీలం వల పరిచి కింద ఎగుడుదిగుడుగా కర్రలు పెట్టాడు తాత, పడవలు వాటి మీదుగా లేస్తూ పడుతూ పోవడానికి. ఎక్కడెక్కడి దేశాల పడవల నుంచో తెగి మా ఒడ్డుకి కొట్టుకొచ్చిన బెండ్లు రాజుల తలలయ్యాయి. గడ్డాల కోసం తాడు పీచు తీసి తీసి నా వేళ్ళు బొబ్బలెక్కాయి, అయినా ఎవరైనా సాయం వస్తే కసిరేదాన్ని. మౌసీ మా అమ్మ పాత చీర మెత్తటి చెంగుతో బాలయేసుని కుట్టింది. పడుకోబెట్టడానికి అమ్మ తన చేపల గంపనే ఇచ్చింది, చింతపండేసి ఎంత తోమినా వాసన పోలేదు. "పశువులపాకలో అత్తరు ఉంటుందా దీదీ, రహనే దో, ఉండనీ" అంది మౌసీ. ఆ గంపని ఎక్కడ పెట్టాలన్నది తాతే తేల్చాడు. చుక్కాని పట్టే పెద్దవాడు కూర్చునేది పడవ వెనక భాగాన, మా వాళ్ళు అమరం అంటారు. "ఆ బాబు పెద్దోడైతే అమరంలోనే ఉండాల" అని బండికి వెనకవైపున పాక కట్టించాడు. ముందువైపున పడవలాగే ముక్కు చెక్కి పెట్టి కళ్ళు దిద్దాడు. ముక్కు దగ్గర నిమ్మకాయ కోయబోయి, మౌసీ మొహం చూసి ఆగాడు. "నాను అటెల్లి కోసుకుంటాను, నువ్విటు పార్దన సేసుకో" అన్నాడు. ఇద్దరూ చెరోవైపు వాళ్ళ పని వాళ్ళు చేసుకున్నారు.

మా బస్తీలో ఒక నియమం ఉండేది. ఒడ్డున పెట్టిన పడవ ముక్కు ఎప్పుడూ సముద్రం వైపే చూడాలి. ఊరివైపు తిప్పి పెట్టామంటే ఇంక నీ దగ్గరికి రాం అని సముద్రానికి చెప్పినట్టేనని తాత అనేవాడు. అందుకే పడవని ఒడ్డుకి లాగేటప్పుడు కూడా వెనకవైపు నుంచే లాగేవారు. ఝాంకీ ఠేలా మీదున్నా మా వాళ్ళ చేతులకి అది పడవే. పొద్దున్నే పడవల కొట్టంలోంచి గట్టి ఇసుక మీదికి దించి పని చేసుకునేవారు, పోటు తగిలే వేళకి వెనకనుంచి పట్టి పైకి లాగేవారు. దించేటప్పుడు పల్లానికి బండి పరుగెడితే బొమ్మలు ఊడిపోతాయని చక్రం తాడు తప్పించేవారు, పైకి లాగేటప్పుడు తగిలించి పడవలు ఎలా నడుస్తున్నాయో చూసేవారు. అవి పాకవైపు ఎంత ముచ్చటగా సాగిపోయేవో! బస్తీ అంతా చప్పట్లు కొట్టేది. మౌసీ మళ్ళీ ఏడ్చింది, ఈసారి నవ్వుతూ. ఆ సంబరంలో ఎవరికీ ఒక్క సంగతి తట్టలేదు. తట్టి ఉంటే ఈ నాలుగు ముక్కలూ రాయడానికి నాకేమీ మిగిలేది కాదు.

ఊరేగింపు రోజున బొమ్మలు కదిలిపోకుండా ఝాంకీని టెంపోలో ఎక్కించి తీసుకెళ్ళి వరుసలో దించారు. రోడ్డు మీద బండి ముక్కు ముందుకే ఉండాలి కదా, ముక్కుకి తాడు కట్టి నాన్నా ఆయన జట్టువాళ్ళూ లాగారు. బండి కదిలింది, రాజులూ కదిలారు, వెనక్కి. మొహాలు బాలయేసు వైపే పెట్టుకుని, పడవలు తోకలతో నీళ్ళు చీల్చుకుంటూ, ఆయన్ని చూసి జడుసుకున్నట్టు దూరంగా జరిగిపోయి కొండ చాటుకి దూరేశారు. మళ్ళీ పాక వెనకనుంచి ప్రత్యక్షం, మళ్ళీ పరారీ. రోడ్డు పక్కన జనం "అరే, రాజా లోగ్ భాగ్ రహే హై!" అని, రాజులు పారిపోతున్నారని పడీపడీ నవ్వారు. నాన్న చక్రం తాడుని అడ్డంగా మెలిపెట్టి పడవల్ని ఇటు తిప్పబోతే అది అలల వలలో చిక్కుకుని, నడిమి రాజు కిరీటం ఊడి రోడ్డు మీద పడింది. మళ్ళీ మొదట్లాగే తగిలించేసరికి వెనక ఝాంకీలవాళ్ళు గంటలు కొడుతున్నారు. ఊరేగింపు నడిపే పెద్దమనిషి వచ్చి "సైడ్ మే కరో, మీరు చివర రండి" అన్నాడు. చివర అన్న మాటకి మౌసీ మొహం చూడాలి. కిరీటాన్ని రోడ్డు మీంచి ఏరి కొంగులో దాచేసుకుంది. మందిరంవాళ్ళు అప్పటికే కొవ్వొత్తులు వెతుక్కుంటున్నారు.

తాత మాత్రం చక్రం పక్కన గొంతుక్కూర్చుని దాన్నే చూస్తున్నాడు. ఉన్నట్టుండి నవ్వు మొదలెట్టాడు. "ఓర్నాయనో! ఇన్నాళ్ళలో ఒక్కపాలైనా దీన్ని ముక్కు ముందుకెట్టి లాగామేట్రా మనం? వొడ్డుకి లాగినట్టే లాగాం, అలగే కట్టీసాం. తిప్పండి బండిని!" నాన్నకి తల కొట్టేసినట్టయింది. "ఊరందరి ముందూ ఎనకనుంచి లాగుకెల్తామేటి నాన్నా?" అన్నాడు. "రోజూ సేసీ పనికి సిగ్గేటిరా?" అని తాత తాడు విప్పి బండి వెనకవైపు కట్టి, దాని చివర తనే పట్టుకున్నాడు. మా వాళ్ళు ఒడ్డున పెద్దవల లాగేటప్పుడు వీపు సముద్రానికి పెట్టరు. వల వైపు చూస్తూ, మడమలు తన్నిపెట్టి, వెనక్కి అడుగులేస్తూ లాగుతారు. తాత అలాగే నిలబడ్డాడు, పాకలోని గంపకి ఎదురుగా. చెడిన మోకాలుతో "హైలెస్సా" అని ఆయన ఒక్క అడుగు వెనక్కి వేసేసరికి జట్టంతా వెళ్ళి తాడు పట్టుకుంది. పెద్దమనిషి ఏదో అనబోయేలోపే బండి కదిలింది. మూడు పడవలూ కొండ చాటునుంచి బయటికొచ్చి, అలల మీద లేస్తూ పడుతూ, తిన్నగా బాలయేసు వైపు సాగాయి.

వెనక్కి నడిచేవాళ్ళకి దారి కనిపించదు. పోర్ట్ బ్లెయిర్ రోడ్లు కళ్ళున్నవాళ్ళనే పడేస్తాయి. అప్పుడు మా అమ్మ కొంగు బిగించి అందరికన్నా ముందుకి వెళ్ళింది. బజారంతా వినిపించేలా చేపలమ్మిన గొంతు అది. "గొయ్యి ఉంది! ఎడమకి రండి! పల్లం వొస్తంది, తాడు బిగించీండి! ఓరయ్యా, కాలవలో పడతావు, ఇటు!" హైలెస్సా, గొయ్యి, హైలెస్సా, కాలవ. జనం నవ్వారు గానీ అది ఇందాకటి నవ్వు కాదు. మౌసీ ఇంక ఉండలేకపోయింది. కొంగులోని కిరీటం తీసి రాజుకి తగిలించి, తాత పక్కకొచ్చి తాడు పట్టుకుంది. ఆవిణ్ణి చూసి మందిరంవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు, ఒక చేత కొవ్వొత్తి, ఒక చేత తాడు, హైలెస్సా అనడం రాక హల్లెలూయా అంటూ. గోల్ ఘర్ చేరేసరికి మా బస్తీ, వాళ్ళ మందిరం కలిసి ఒకే గుంపుగా వెనక్కి నడుస్తున్నాం. నేనూ ఉన్నాను, అమ్మ చీర చెంగుతో కుట్టిన ఆ బాలయేసు మీద నుంచి కళ్ళు తిప్పకుండా. మైదానంలో పాస్టరుగారు తాత రెండు చేతులూ పట్టుకుని, "బాబా, ఆజ్ కిసీనే బచ్చే కో పీఠ్ నహీ దిఖాయీ" అన్నారు. ఈ రోజు ఎవరూ ఆ బిడ్డకి వీపు చూపించలేదని. తాతకి అంత హిందీ రాదు. నాన్న చెప్పాక, "వీపెలగ సూపిస్తాం, లాగుతుంటే?" అన్నాడు.

మరుసటి యేడు తాడు మార్చి సరిగ్గా కడతానని తాత అంటే మౌసీ ఒప్పుకోలేదు. అలా వెనక్కి నడుస్తూ లాగడం ఆ మందిరం పద్ధతి అయిపోయింది. తర్వాత మౌసీవాళ్ళు మాయాబందర్ వెళ్ళిపోయారు, తాత పోయాడు, అమ్మా పోయింది, బస్తీ చెదిరింది. నేను పిల్లలకి తెలుగు చెప్పి రిటైరయి గరాచర్మలో టైల్స్ వేసిన ఇంట్లో ఉంటున్నాను. అప్పుడే బాగుండేదని నేననను. అప్పుడు కుళాయిలో నీళ్ళొచ్చేవి కావు, నాన్న పడవ రాకపోతే చెప్పడానికి ఫోను లేదు. ఇప్పటి ఝాంకీలకి మోటార్లు, జనరేటర్లు, రంగురంగుల లైట్లు. ఒంటెలు తల కూడా ఊపుతున్నాయి. బాగానే ఉంటాయి, నేనూ నోరు తెరుచుకునే చూస్తాను. కానీ అవి బండి ఆగినా కదులుతూనే ఉంటాయి. మా రాజులు మేం లాగితేనే కదిలేవారు, ఆ గర్వం మాత్రం ఇప్పటి పిల్లలకి ఎక్కడ దొరుకుతుందా అనుకునేదాన్ని.

మొన్న మౌసీని గోల్ ఘర్ తీసుకెళ్ళి రోడ్డు పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాను. మందిరంవాళ్ళ ట్రక్కు వచ్చింది. ముందువైపున, డ్రైవరు క్యాబిన్ మీద పశువులపాక, లైట్ల రాజుల మధ్య గులాబీ రంగు బెండు తలతో మా రాజు. ట్రక్కు ముందు ఒక పొడుగు తాడు కట్టి ఉంది, అది లాగేదేమీ లేదు, వదులుగానే ఉంది. దాన్ని పట్టుకుని ఆడపిల్లలూ మగపిల్లలూ పాకవైపు చూస్తూ వెనక్కి నడుస్తున్నారు. ఎందుకలా అని, తెలిసే, పక్కనున్నాయన్ని అడిగాను. "ప్రభువుకి వీపు చూపించకూడదండీ, మా మందిరంలో మొదటినుంచీ అంతే" అన్నాడు భక్తిగా. నా పక్కన మౌసీ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. ఆపైన చేతికర్ర నా చేతిలో పెట్టి, నేను వద్దనేలోపు రోడ్డు మీదికి నడిచి తాడు పట్టుకుంది. ఎనభై దాటిన మనిషి వెనక్కి అడుగులేస్తోంది, వెనకాలే రోడ్డు మధ్య ఈ వానాకాలం పడ్డ గొయ్యి. పిల్లలెవరూ చూడలేదు, చూసి చెప్పేవాళ్ళే లేరు. "గొయ్యి ఉంది! ఎడమకి రండి!" అని అరిచాను. ఎన్నో ఏళ్ళు పాఠాలు చెప్పిన గొంతు కాదది, ఎక్కడినుంచి వచ్చిందో చేపల బజారు గొంతు. తాడంతా ఒక్కసారిగా ఎడమకి జరిగింది. మౌసీ తల తిప్పలేదు, కళ్ళు పాకమీదే ఉన్నాయి. "అప్పల్ దీదీ ఆ గయీ!" అంది గట్టిగా.

అది మా అమ్మ పేరు. నేను కర్ర చంకలో పెట్టుకుని, కొంగు బిగించి, అందరికన్నా ముందుకి వెళ్ళాను. మైదానం దాకా అరుస్తూనే ఉన్నాను.